సరోజక్క చేసిన కంప్యూటరు

అక్కా,

నేను, ఈరన్నను. నువ్వు పోయి రేపటికి ఏడాది.

ఆదోని బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. గుంతకల్లులో రైలు మారి పొద్దున్నే ఇక్కడ దిగాను. మన ఊరికి పోయే ఎమ్మిగనూరు బస్సుకు ఇంకా టైముంది. రేపు నీ సంవత్సరీకం. పెద్దకడుబూరు నుంచి మేనత్త వాళ్లు ఇవాళే వస్తారని అమ్మ ఉత్తరం రాయించింది.

నీకు ఉత్తరం రాయడం ఇది మొదటిసారేం కాదు. బెంగుళూరు నుంచి నెలకొకటి రాసేవాణ్ణి. ఎండలు, అన్నం, హాస్టలు గది... అన్నీ రాసేవాణ్ణి. రాయాల్సింది మాత్రం ఒక్కసారీ రాయలేదు. ఇప్పుడు చదవడానికి నువ్వు లేవు కాబట్టి రాయగలుగుతున్నానా? అదీ సిగ్గుగానే ఉంది.

మొదటినుంచీ చెప్తాను. నీకు తెలిసిందే అయినా చెప్తాను. ఎందుకంటే ఇన్నాళ్లూ ఈ కథను నేను వేరేగా చెప్తూ వచ్చాను.

నేను ఐటీఐ అయ్యాక ఆదోనిలో మాబుసాబ్ మామ దగ్గర రేడియోల రిపేరు నేర్చుకుంటున్న రోజులవి. శుక్రవారం షాపుకు సెలవు. ఆ రోజు ఇంటికొచ్చేవాణ్ణి. నువ్వు నాకంటే మూడేళ్లు పెద్ద. ఏడో తరగతితో బడి మాన్పించి నిన్ను మగ్గం గుంటలో దింపారు. నన్ను చదివించారు. అది తప్పని అప్పుడు ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. నాకసలే అనిపించలేదు.

ఒక శుక్రవారం ఇంగ్లీషు ఎలక్ట్రానిక్స్ మాసపత్రిక ఒకటి పట్టుకొచ్చాను. టీవీకి తగిలించి ఆట ఆడుకునే కంప్యూటరును ఇంట్లోనే చేసుకోవచ్చని అందులో రాశారు. బొమ్మలతో సహా వేశారు. టీవీ మీద అటొక గీత, ఇటొక గీత, మధ్యలో బంతి. ఇద్దరూ చెరో గీతను కదిలిస్తూ బంతిని కొట్టుకోవాలి. అప్పటికి మన ఊళ్లో కంప్యూటరును కళ్లారా చూసినవాడు ఎవడున్నాడు? నేను చేస్తాను, అందరూ నోరు తెరుచుకుని చూస్తారు... అదే నా ఆశ.

నువ్వు పత్రికను మగ్గం మీద పరుచుకుని ఆ బొమ్మ చాలాసేపు చూశావు.

"బంతి అంటాడేందిరా? ఇది నాడె గదా. ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతాది, మళ్లా వస్తాది. మనం పొద్దన్నుంచి సేసే పనే."

మాబుసాబ్ మామ షాపులో మూలన పడివున్న పాత నలుపు తెలుపు టీవీని తీసుకుపొమ్మన్నాడు. చిప్పులు బెంగుళూరు నుంచి పోస్టులో తెప్పించాను. బల్బు హోల్డరు నుంచి వైరు లాగి మగ్గం గదిలోనే పని మొదలుపెట్టాను.

నా టంకం ఎలా ఉండేదో గుర్తుందా? ముద్దలు ముద్దలుగా, చిప్పు పక్క కాలికి అంటుకునిపోయేది. రెండు శుక్రవారాల్లో వేళ్లు కాల్చుకున్నాను, బోర్డు సగం పాడుచేశాను.  నువ్వు మగ్గం ఆపి వచ్చి నా చేతిలోంచి టంకం కడ్డీ తీసుకున్నావు.

"జరుగు. అచ్చు అతికేకి ఇంతకంటే సన్నటి పోగులుంటాయి."

పాత పడుగు కొసకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే చేతులవి. నువ్వు పెట్టిన టంకం మెంతిగింజంత ఉండేది. ఒకదానికొకటి తగలకుండా, అన్నీ ఒకే తీరుగా. ఆ తర్వాత నేనొక్క టంకం పెట్టలేదక్కా. బొమ్మ చూసి ఏది ఎక్కడికో చెప్పేవాణ్ణి, అంతే. నాలుగు వారాలు పోయాక ఆ చెప్పడం కూడా అవసరం లేకపోయింది.

మీటలు నువ్వే చేశావు. పౌడరు డబ్బా రేకును సన్నగా కత్తిరించి, వాటి మీద టైలరు ఇచ్చిన కోటు గుండీలు అతికించావు. పదహారు గుండీలు. గోళ్ల రంగుతో వాటి మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు రాశావు. నూలు కండెలు పెట్టుకునే చెక్కపెట్టెలో అన్నింటినీ అమర్చావు. నాన్న కండెలు ఎక్కడ పెట్టుకోవాలని గొణిగితే, "కొన్ని దినాలు సుమ్మనుండు నాయినా" అన్నావు.

ఆటకు ప్రోగ్రాం కావాలి. పత్రికలో పన్నెండు వరసలు అచ్చేశారు. వరసకు పదహారు జతలు. మూడు-ఈ, సున్నా-ఐదు, డీ-మూడు... ఇలా. ఒక్కొక్క జతనూ మీటలు నొక్కి ఎక్కించాలి. కరెంటు పోయిందా, మొత్తం చెరిగిపోతుంది. మళ్లీ మొదటినుంచీ ఎక్కించాలి. మన వీధిలో కరెంటు సంగతి నీకు చెప్పాలా?

మొదటిసారి అన్నీ ఎక్కించాక టీవీలో రెండు గీతలు వచ్చాయి. బంతి కూడా వచ్చింది. కుడి గీతకు తగిలి తిరిగింది. ఎడమ గీత దగ్గరికి పోయి అక్కడే అతుక్కుపోయింది. ఐదు శుక్రవారాలు నేను వైర్లన్నీ వెతికాను. ఒక చిప్పు మార్చాను. నీ టంకాల మీద కూడా అనుమానపడ్డాను, నోరు పారేసుకున్నాను.

 పత్రిక చివర్లో ఏ జత ఏ పని చేస్తుందో చెప్పే పట్టిక ఒకటుంది. దాన్ని తెలుగులో చదివి చెప్పమన్నావు. ఒక్కసారి చెప్పాను. నువ్వు నోట్సులో రాసుకున్నావు. మళ్లీ శుక్రవారం నేను గడప దాటకముందే...

"ఈరా, ఏడో వరసలో తప్పుండాది. కుడి గీత కాడ తిరిగి వచ్చేకి ఏ జతలుండాయో, ఎడమ గీత కాడా అవే ఉండాల గదా. ఆడ బీ ఉండాది. ఈడ ఎనిమిదుండాది."

అచ్చైన పుస్తకంలో తప్పెలా ఉంటుందని నేను నవ్వాను.

"మగ్గం అచ్చులో పోగు తప్పదా యేంది? ఇదీ అచ్చే గదా. మనిషి సేసిందే."

ఎనిమిది తీసి బీ పెట్టాం. బంతి తిరిగి వచ్చింది.

నువ్వు చప్పట్లు కొట్టి గెంతావు. నేను? నేనూ గెంతాను. కానీ లోపల ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది అక్కా. ఐటీఐ చదివింది నేను. పత్రిక తెచ్చింది నేను. ఐదు వారాలు నాకు దొరకనిది నీకు మగ్గం గుంటలో కూర్చుని ఎలా దొరికింది? ఆ ముల్లు పేరు అసూయ అని అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత రెండు జతలు మార్చి ఆ బంతి చుక్కను సన్నటి అడ్డగీత చేశావు. అచ్చం నాడెలాగే కనబడింది. వీధిలో వాళ్లంతా "నాడె ఆట" అని పేరు పెట్టుకున్నారు. నాన్న వచ్చి కూర్చుంటే ఎవరూ గెలవలేకపోయేవాళ్లు, గుర్తుందా? టీవీ వైపు చూడకుండానే చేతి లెక్కతో ఆడేవాడు. అమ్మ ఒక్కసారి ఆడి, "కండ్లు తిరుగుతాండాయి" అని లేచిపోయింది. ఆ రోజులు ఎంత బాగుండేవి అక్కా...

ఆదోనిలో వైజ్ఞానిక ప్రదర్శన పెడుతున్నారని మాబుసాబ్ మామ చెప్పాడు. ఒక హైస్కూలు మైదానంలో షామియానాలు. పెట్టెను బస్సులో నీ ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. గతుకు వచ్చిన ప్రతిసారీ రెండు చేతులతో ఎత్తి పట్టుకునేదానివి. ప్రదర్శన వాళ్లు అట్ట ముక్క ఇచ్చి, చేసినవాళ్ల పేరు రాయమన్నారు. "ఈరన్న" అని రాశాను. నువ్వు పక్కనే ఉన్నావు. నా అక్షరాలు వంకరగా వచ్చాయని నవ్వావు. అంతకుమించి ఏమీ అనలేదు. ఎందుకనలేదు?

జనం విరగబడి చూశారు. పత్తి మార్కెట్టు హమాలీలు, బడిపిల్లలు, బురఖా వేసుకున్న ఆడవాళ్లు. నువ్వు బల్ల వెనకాల స్టూలు మీద కూర్చున్నావు. ఇంట్లో కట్టుకునే చీరే కట్టుకుని వచ్చావు. కొంగు మీద నూలుపోగులు. చేతులకు గంజి మరకలు. నన్ను అడిగినవాళ్లందరికీ నేనే చేశానని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో... చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి మిషను ఖాళీ. పత్రిక ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను. సరిగ్గా అప్పుడే బెంగుళూరు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారు మన బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు. టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలో పెద్ద హోదా ఆయనది. నేను మొదటి వరస సగం నొక్కాను. ఆ పైన ఏమీ గుర్తు రాలేదు.  మీటల మీద వేళ్లు ఊరికే ఆడించాను, ఏదో చేస్తున్నట్టు.

నువ్వు స్టూలు మీంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డావు. గొంతు పెంచకుండా మొదలుపెట్టావు. మూడు-ఈ. సున్నా-ఐదు. డీ-మూడు...

నేను నొక్కుతూ పోయాను. పన్నెండు వరసలు. ఒక్కచోట తడబడలేదు నువ్వు. నేనే ఒకచోట తప్పు నొక్కితే, "కాదు, సీ" అని ఆగి, సరిచేశాక ముందుకు పోయావు. టీవీలో నాడె కదిలింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇంజనీరు గారు నిన్నే చూస్తున్నారు. "ఎవరీ అమ్మాయి? ఈమెకు కూడా ఈ పని తెలుసా?" అని అడిగారు.

నన్ను అడిగారు.

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. "మా అక్క సార్. ఏమీ తెలీదు సార్. నేను సెప్తాంటే విని విని బట్టీ పట్టింది. మగ్గం నేస్తాది, అంతే."

నీ చెయ్యి అప్పుడు పెట్టె మీద ఉంది. మెల్లగా తీసేశావు. వెనక్కి పోయి స్టూలు మీద కూర్చున్నావు. ఇంజనీరు గారు "అలాగా" అని నా వైపు తిరిగి, నా చదువు గురించి అడిగారు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావు. చాలా దూరం పత్తి చేలు చూస్తూ వచ్చావు. ఊరు దగ్గర పడుతుండగా, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగావు.

"బట్టీ పట్టేకి అదేమన్నా పద్యమా రా?"

 కండక్టరుతో ఏదో మాట కలిపాను. నువ్వు మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మతో నవ్వుతూ, "నీ కొడుకును సూసేకి ఊరంతా వచ్చిందిమా" అన్నావు. నేను అన్నం కూడా తినకుండా పడుకున్నాను. అలసిపోయాననుకుంది అమ్మ.

నెల తిరక్కుండా బెంగుళూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. ఆ పెట్టెను నేను తీసుకుపోతానంటే, దారిలో గుండీలు ఊడకుండా పాత పంచె ముక్కల్లో చుట్టి ఇచ్చింది నువ్వే.

అక్కడ మొదటిరోజు నేను చూసింది ఏంటో తెలుసా? ఒక పెద్ద హాలు. వరసలు వరసలుగా ఆడవాళ్లు కూర్చుని టంకాలు పెడుతున్నారు. కొందరు పదో తరగతి తప్పినవాళ్లు, కొందరు అంతకూడా చదవనివాళ్లు. కన్నడం వాళ్లు, తమిళం వాళ్లు, మన అనంతపురం వైపు వాళ్లు. సన్నగా పని చేసే చేతులే చాలట. ఉండటానికి హాస్టలు కూడా ఇస్తారట. సూపర్‌వైజరమ్మ నన్నడిగింది, మీ వైపు అలాంటి ఆడపిల్లలు తెలిసుంటే చెప్పమని.

ఎవరూ లేరని చెప్పాను.

ఆ ఇంజనీరు గారు ఆ రోజు నీ గురించి ఎందుకడిగారో అప్పుడర్థమైంది. అర్థమయ్యాక కూడా చెప్పలేదు. నువ్వొస్తే మూడురోజుల్లో అందరికీ తెలిసిపోతుంది, ఆ కంప్యూటరు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో. ఇంతే కారణం. వేరే ఏమీ లేదు. ఆడపిల్ల అంతదూరం ఎట్లా అనీ, నాన్న ఒప్పుకోడనీ నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను... నాన్నను నేను అడిగిందెప్పుడు?

నువ్వే రాశావు ఒకసారి. నీ గుండ్రటి అక్షరాలతో. "ఆడ ఆడోళ్లు గూడా ఈ పని సేస్తారంట గదా, మాబుసాబ్ మామ సెప్పినాడు. నిజమేనా?" జవాబులో వానల గురించి రాశాను. దసరాకు వస్తానని రాశాను. ఆ ప్రశ్న నాకు కనబడనట్టే రాశాను. నువ్వు మళ్లీ రాయలేదు.

పోయిన ఏడాది నీకు కామెర్లని టెలిగ్రాం వచ్చింది. ఆకుపసరు, పథ్యం అంటూ ఆలస్యం చేసి, కళ్లు బాగా పచ్చబడ్డాక ఆదోని ఆస్పత్రికి తెచ్చారు. రెండు రోజులు నీ మంచం పక్కనే కూర్చున్నాను. అమ్మ బయటికి పోయినప్పుడల్లా ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నువ్వే మాట్లాడావు.

"ఆ మిషను ఇంకా నడుస్తాండాదా?"

నడుస్తోందని చెప్పాను. అబద్ధం. ఎప్పుడో దాని చిప్పులు ఊడబీకి ఇంకో పనికి వాడేశాను. చెక్కపెట్టె హాస్టల్లో ఎవరో సామాన్లకు వాడుకుంటున్నారు.

"నాడె తొందర ఎక్కువైతే ఆ ఐదు తీసి ఏడు పెట్టు. నిదానంగా పోతాది. ముసిలోళ్లు గూడా ఆడొచ్చు."

అంత జ్వరంలో నువ్వు దాని గురించి ఆలోచిస్తున్నావు. నేను తల ఊపాను. మర్నాడు నువ్వు లేవు.

ఈ ఏడాదంతా ఇదే, అక్కా. హాల్లోకి పోతే ఆ వరసల్లో ఖాళీ స్టూలు ఎక్కడ కనబడినా కాళ్లు ఆగిపోతాయి. పనిలో నన్ను మెచ్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. పోయినవారం సెలవు కావాలని ఇంజనీరు గారి గదికి పోయాను. ఎందుకని అడిగారు. నీ సంవత్సరీకం అని చెప్పి, అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. టంకాలు, ఏడో వరస, బీ, ఎనిమిది... అంతా.

ఆయన కోప్పడతారనుకున్నాను. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. తీసేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నీ పేరడిగారు. సరోజ అని చెప్పాను. "ఆ రోజు నేను ఆమెనే అడగాల్సింది. నిన్ను అడిగాను" అన్నారు. సెలవు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. అంతే.

పొద్దున మాబుసాబ్ మామ దగ్గరికి పోయాను. ఆయన ముందూ ఏడ్చాను. ముసలాయన చేతిలో పని ఆపలేదు. "ఆ టంకాలు సూసిన పొద్దే నాకు తెల్సు బేటా, అది నీ సెయ్యి కాదని. నాతో సెప్పి ఏం లాభం? యాడ అబద్ధం సెప్పినావో ఆడ సెప్పు పో" అన్నాడు.

ఆయన మాట నిజం. ఇంజనీరు గారు పరాయి మనిషి. మాబుసాబ్‌కు ముందే తెలుసు. అమ్మానాన్నలకే ఇంకా తెలియదు. రేపు బంధువులంతా కూర్చున్నాక అమ్మ మళ్లీ మొదలుపెడుతుంది. మా ఈరన్న చేసిన మిషను చూసి బెంగుళూరోళ్లే వెతుక్కుంటూ వచ్చినారని. పాపం మా సరోజ కూడా తమ్ముని పక్కనే ఉండి చూసి సంతోషపడిందని. ఏడాదిగా వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తోంది. నేను ఇంటికొచ్చినప్పుడల్లా తల వంచుకుని వింటున్నాను. అణకువనుకుంటారు అందరూ.

నాన్న ఏమంటాడో తెలియదు. నిన్ను బడి మాన్పించింది ఆయనే గదా. నా మాట ఆయనకు ఎక్కడ తగులుతుందో... దానికీ భయంగా ఉంది. చెప్పకపోతే ఆయన మనసు చల్లగా ఉంటుంది అని రాత్రంతా రైల్లో అనుకున్నాను. చూశావా, ఇప్పటికీ ఒక సాకు వెతుకుతూనే ఉన్నాను.

అందుకే ఈ కాగితం రాస్తున్నాను. ముందుగా రాసుకుంటే వెనక్కి పోలేను. రేపటిదాకా ఆగను. ఇవాళే, మేనత్త వాళ్ల ముందే చెప్తాను. "అమ్మా, ఆ కంప్యూటరు సేసింది అక్క. నేను కాదు. అక్క ముందరే నేను అబద్ధం సెప్పినాను. ఆ ఉద్యోగం అక్కకు గూడా వచ్చేది, నేనే రానియ్యలేదు."

ఇంతే. నాలుగు మాటలు. ఇక్కడ కూర్చుని పదిసార్లు లోపల్లోపల అనుకున్నాను. ప్రతిసారీ చివరి మాట దగ్గర ఆగిపోతున్నాను. అదే ముందు చెప్పేస్తే సరేమో.

నన్ను క్షమించమని అడగను అక్కా. బతికున్నప్పుడు అడగలేదు, ఇప్పుడడిగితే నువ్వు కాదనలేవు కాబట్టి అడిగినట్టుంటుంది.

ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. జనం ఎక్కుతున్నారు. ఎక్కుతున్నాను.

నీ తమ్ముడు
ఈరన్న